కోత మిషనుకు తలస్నానం

కోత మిషను గట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

డ్రైవరు కిందికి దిగి, చీపురూ గాలి కొట్టే పైపూ పట్టుకుని దాని కడుపులోకి దూరాడు.

ఏ పనైనా చిటికెలో అయిపోవాలనే మనిషి కాబట్టి ఆ పొలం రైతును అందరూ చిటికెల మామ అంటారు. ఆయన కాసేపు చూశాడు. చూసేకొద్దీ ఒళ్ళు మండింది.

“ఏమయ్యా, వరి కోయడానికొచ్చావా, దీనికి తలస్నానం చేయించడానికొచ్చావా?”

“ఇంతకుముందు కోసిన పొలం గింజలు లోపల ఉండిపోతాయండీ. మందుకు చావని గడ్డి ఒకటి తిరుగుతోంది. దాని గింజలు నాలుగు రాలితే చాలు, పొలం దానిదైపోతుంది.”

“మందు కొడితే చావని గడ్డా?”

“ఏటా అదే మందు తాగి తాగి రాటుదేలిపోయిందండీ.”

“మా బావమరిదిలాగా అన్నమాట!”

పక్కనే ఉన్న మామ భార్య గుర్రుగా చూసింది. “మా తమ్ముడి ఊసెత్తకపోతే మీకు తోచదు. ముందు అతను చెప్పేది వినండి.”

మామ వినలేదు. పైన మబ్బు పట్టింది. చేతికొచ్చిన పంట తడిసిపోతుందని ఆయనకు గాభరా.

“నువ్వు తోముకుంటూ కూర్చో!” అని ఇంకో మిషనుకు ఫోన్ చేశాడు.

అది ఎవరి పొలంలో గడ్డో గడ్డంలా వేలాడేసుకుని వచ్చి, సరాసరి దిగి, చిటికెలో కోసిపారేసింది.

వాన మాత్రం రాలేదు.

తర్వాతి పంటలో వరికన్నా ముందు గడ్డి లేచింది. మామ మందు కొట్టాడు. షాపు మార్చి కొట్టాడు. కొట్టిన కొద్దీ అది తల దువ్వుకున్నట్టు నిగనిగలాడింది.

కోతలొచ్చాయి. ఏ మిషనూ రానంది.

“మీ పొలంలో దిగామని తెలిస్తే మమ్మల్నింకెవరూ పిలవరు మామా!”

చివరికి మామ తల వంచుకుని, మొదట వచ్చిన డ్రైవరు షెడ్డుకు వెళ్ళాడు. అక్కడ మెకానిక్ ఒక్కడే ఉన్నాడు.

“ఆయన వస్తారులెండి. కాకపోతే పొలంలో దిగే ముందొకసారి, గట్టెక్కాక ఒకసారి మిషను కడుగుతారు. మీరే ఓపిక పట్టాలి.”

“ఎన్నిసార్లైనా కడుక్కోమను. అయినా, ఒక డ్రైవరుకి ఊళ్ళోవాళ్ళ పొలాల మీద ఇంత బెంగేమిటయ్యా?”

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు.

“డ్రైవరేంటండీ! ఏటి అవతల గడ్డికొదిలేసిన పొలాలన్నీ ఒకప్పుడు ఆయనవే. కడుగుతానన్న మిషనువాణ్ణి తిట్టి మరీ పొలంలోకి దింపుకుందీ ఆయనే.”