చీకటి దరువు

"పాట వినకుండానే పాట కొట్టావా? ఇంతకన్నా పెద్ద కోత మా తాత కూడా కొయ్యలేదమ్మా!" అన్నాడు మిరపకాయ.

గ్రూపంతా గొల్లున నవ్వింది.

ఫోన్‌లో జరుగుతున్న పంచాయితీ అది. పెద్దమనిషి ఒక దర్జీ. కుట్టుమిషను మీద ఫోను నిలబెట్టి, మెళ్ళో టేపు వేసుకుని, తలపాగా ఒక్కటే తక్కువన్నట్టు కూర్చున్నాడు. గ్రూపులో ఆయన పేరు సూది. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో అక్కడ ఎవరూ తిరగరు లెండి. ముద్దాయి పేరు ఉడుత. ఆమె వైపు కెమెరాలో రెండు చేతులు, ఓ ఫోను, పక్కన మంచం కోడు. అంతే కనిపిస్తోంది.

ఈ ఆట తెలియని పుణ్యాత్ములకి ఒక్క ముక్క. ఫోన్‌లో పాట మోగుతుంది. దరువుకి తగ్గట్టు పైనుంచి చుక్కలు రాలతాయి. చుక్క కింది గీతను తాకగానే వేలితో కొట్టాలి. ముందు కొట్టినా తప్పే, వెనక కొట్టినా తప్పే. చేపలు పట్టడం కన్నా సులువు, నిద్రపోవడం కన్నా కష్టం. ఈ పాటలో ఇంకో మెలిక కూడా ఉంది. మధ్యలో తెర నల్లబడిపోతుంది. చుక్కా ఉండదు, గీతా ఉండదు. చెవులు రిక్కించి, దరువు పట్టుకుని కొట్టుకుంటూ పోవాలి. దాన్నే వాళ్ళు చీకటి దరువు అంటారు. మహామహులంతా అక్కడే బోర్లాపడ్డారు. ఒక్క తప్పూ లేకుండా దాటింది ఉడుత ఒక్కతే. అందుకే అందరికన్నా పైన ఆమె పేరు వెలుగుతోంది.

దాటి నోరు మూసుకుంటే పోయేది. పాట ఎలా ఉందని ఎవరో అడిగితే, "ఎప్పుడూ వినలేదు, సౌండు తీసేసి ఆడతాను" అనేసింది. నీళ్ళు ముట్టకుండా ఏరు ఈదానంటే ఎవరు నమ్ముతారు?

"దొంగ యాప్ ఏదో నీకు కొట్టిపెడుతోంది. ఒప్పేసుకో ఉడుతా. పేరు తీసేస్తాం, గొడవ వదిలిపోతుంది," అన్నాడు సూది.

"పేరు తియ్యకన్నా. ఉడుత అని పెట్టింది మా నాన్న. రోజూ సాయంత్రం అడుగుతాడు, మన ఉడుత చెట్టు మీదే ఉందా అని. దిగనని మాటిచ్చాను."

"సౌండు పెట్టుకుని ఆడితే ఏం పోయింది?"

"నాన్నకి నిద్ర చెడుతుంది."

"చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చుగా?"

"నాన్న పిలిస్తే నాకు వినబడాలి కదన్నా."

"అటు తిరిగితే నాన్న, ఇటు తిరిగితే నాన్న! చీకట్లో కొట్టిపెడుతున్నది కూడా మీ నాన్నేనేమో చూసుకో!" అన్నాడు మిరపకాయ.

మళ్ళీ నవ్వులు.

"సరే, సౌండు లేకుండానే ఆడు. మా కళ్ళముందు, ఇప్పుడే," అన్నాడు సూది.

"ఇవాళ వద్దన్నా. నాలుగు రోజులు ఆగండి."

"వాయిదాలు కావాలంటే కోర్టుకి పోవాలి. ఇవాళ ఆడకపోతే పేరు పోయినట్టే."

ఆమె వెనకాల తలుపు కిర్రుమంది. ఎవరెవరో చెప్పులు విడుస్తున్న చప్పుడు.

"ఇంటి నిండా జనమే! పెళ్ళిచూపులా ఏంటి?" అన్నాడు మిరపకాయ.

"చుట్టాలు," అంది.

అంతలో ఓ పెద్దావిడ గొంతు. "ఇక్కడ కూర్చున్నావేంటే? రా తల్లీ, అందరూ నిన్నే అడుగుతున్నారు."

"వస్తానత్తా. ఒక్క పాట."

మొదలుపెట్టింది. దర్జీ కదా, కుట్టు చూస్తే చెయ్యి ఎలాంటిదో చెప్పేస్తాడు. ఆ వేళ్ళు చుక్క మీద చుక్క పడుతుంటే, సన్న బట్ట మీద పోగు తప్పని కుట్టు పడుతున్నట్టుంది. మిరపకాయ నోరు కూడా మూతపడింది. నవ్వుదామని వచ్చినవాళ్ళంతా గుడ్లప్పగించి చూస్తున్నారు.

తెర నల్లబడింది.

ఆమె వేళ్ళు గాల్లో ఆగిపోయాయి. ఎవరో మాట అందిస్తారని ఎదురుచూస్తున్నట్టు ఆగాయి. ఆ తర్వాత ఒక దెబ్బ పడింది. తప్పు. ఇంకోటి. అదీ తప్పే. ఆపైన ఎటు పడితే అటు పడ్డాయి. ఆట ఆరిపోయింది.

"దొరికింది దొంగ!" అని మిరపకాయ ఈలేశాడు.

సూది మీట నొక్కాడు. ఉడుత చెట్టు దిగిపోయింది. కింద ఉన్న పేరు పైకొచ్చింది. అది సూది పేరే. ధర్మాసనం సంగతి నన్నడక్కండి, చూసింది చెబుతున్నానంతే.

అయినా ఆయనకి గెలిచినట్టు అనిపించలేదు. కెమెరాలో ఆ చేతులు ఇంకా ఫోను మీదే ఉన్నాయి.

"ఇంత చక్కగా ఆడేదానివి," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ చీకటి ముక్క దగ్గర యాప్‌కి ఆశపడ్డావెందుకమ్మా?"

"యాప్ లేదన్నా. మంచం పక్కన నాన్నకి ఆక్సిజన్ మెషీను అద్దెకి తెచ్చి పెట్టాం. బుస్సుమని ఆగుతుంది, మళ్ళీ బుస్సుమంటుంది, గడియారంలాగా. ఒక బుస్సు చూసుకుని పాట మొదలుపెడతాను. చీకటి పడ్డాక బుస్సుకి రెండు దెబ్బలు. అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. నాన్నకి చెబితే, నా ఊపిరి మీద నువ్వు పేరు కొట్టేస్తున్నావే అని ఒకటే నవ్వు."

"మరి ఇవాళేమైంది, కరెంటు పోయిందా?" అన్నాడు మిరపకాయ.

ఆమె కెమెరా పెట్టిన రెండో ఫోను తీసుకుని లేచింది. కెమెరా పక్కకి తిరిగింది. దుప్పటి తీసేసిన మంచం, దాని పక్కన గచ్చు మీద గుమ్మం దాకా పోయిన చక్రాల గీతలు.

"ఇంక దాంతో పనిలేదు కదమ్మా అని పొద్దున్నే వచ్చి పట్టుకెళ్ళిపోయారన్నా."