అత్తగారి గుప్పెడు

పొయ్యిలు బ్లాగులు చదివి వాటంతటవే వండే రోజులవి. అత్తగారు సుగుణమ్మ పోయాక ఆవిడ వంటల బ్లాగును కోడలు హైమ చూసుకుంటోంది. పొయ్యిలకు కొత్త అప్‌డేట్ వచ్చినప్పటి నుంచి చేపల పులుసు పేజీలో "గుప్పెడు చింతపండు" దగ్గర, గుప్పెడంటే ఎంతో తెలియక అందరి పొయ్యిలూ ఆగిపోతున్నాయి. హైమ తన గుప్పెడు తూచి, గ్రాముల్లో రాసింది. పొయ్యిలు కదిలాయి గానీ, "ఇది సుగుణమ్మగారి పులుసు కాదు" అని కామెంట్లు వచ్చాయి.

"ఆ పేజీ తీసెయ్యరాదా," అన్నాడు భర్త.

"తియ్యనండీ," అంది హైమ.

అత్తగారి గుప్పెడెంతో తేల్చడానికి ఆవిడ గాజు పట్టుకుని, అది సరిపోయే చెయ్యి కోసం వీధంతా తిరిగింది. చివరింట్లో, అత్తగారితో ఇరవై ఏళ్లు మాటల్లేని వరహాలమ్మ చేతికి సరిగ్గా పట్టింది.

వరహాలమ్మ గుప్పెడు చింతపండు తీసి, రెండు రెబ్బలు వెనక్కి వేసేసింది.

"మీ అత్తది పిసినారి చెయ్యి పిల్లా. ఇంతే వేసేది."