వంగెచి హోటల్లో తనిఖీ

“నీ జీతమెంతమ్మా?” తనిఖీ అధికారి బరాసా పొయ్యి దగ్గరున్న మ్వెండేని అడిగాడు.

“నాకు జీతమేంటి సారూ? మేడమ్ చెల్లెల్ని నేను. సాయానికొచ్చా.”

“మీ అక్కది కికుయు తెగ. నీ మాటలో కాంబా తెగ యాస కొడుతోందే?”

“అటువైపు పెళ్లి చేశారు సారూ.”

గిన్నెలు తోముతున్న అకెలో ముసిముసిగా నవ్వి, తాను ఆడపడుచునని చెప్పింది. హోటల్ యజమానురాలు వంగెచి ఊపిరి పీల్చుకుంది. నైరోబీలో కనీస వేతనం పెంచారు, మార్కెట్ వీధిలోని హోటళ్లన్నీ తనిఖీ చేస్తున్నారు అని తెలియగానే పొద్దున్నే ముగ్గురు పనివాళ్లకీ వరసలు నేర్పిపెట్టింది.

“మరి నువ్వేమవుతావు?” బరాసా చపాతీలు ఒత్తుతున్న కెరుబో వైపు తిరిగాడు.

కెరుబో చపాతీ కర్రని బల్లమీద ఠప్పున కొట్టింది.

“ఏమీ అవను! పనిమనిషిని. నాలుగేళ్లుగా ఇక్కడే పిండి పిసుకుతున్నా. నెలకి తొమ్మిది వేల షిల్లింగులు. రాసుకోండి!”

“కెరుబో!” వంగెచి అరిచింది.

“అరవకండి మేడమ్. జీతాలు పెంచామని మే డే నాడు రేడియోలో చెప్పారు. మర్నాడే మా ఇంటి ఓనరు తలుపు కొట్టి అద్దె పెంచాడు. ‘నీకు జీతం పెరిగిందిగా’ అన్నాడు. పిండి పెరిగింది, నూనె పెరిగింది, బస్సు పెరిగింది. ఈ ఊళ్లో పెరగంది నా జీతమొక్కటే!”

“నేను తిని కూర్చున్నానా?” వంగెచి అందుకుంది. “ఉగాలీ ముద్ద ప్లేటు మీద పది షిల్లింగులు పెంచానో లేదో, అందరూ ఎదురు బండి దగ్గరికి పోయారు. ఆ బండివాడూ వాడి పెళ్లామే వండుకుంటారు. వాళ్లనెవరు అడుగుతారు? నన్నడుగుతారు!”

బరాసా తలెత్తలేదు. నోటీసు రాస్తూనే ఉన్నాడు. “నెల రోజులు గడువు. కొత్త జీతం ఇవ్వకపోతే కేసు.”

“సరే, ఇస్తా. ముగ్గురికి ఇవ్వలేను, ఇద్దరికిస్తా. మీలో ఎవరు పోతారో మీరే తేల్చుకోండి!”

మరుక్షణం మ్వెండే గరిటె పట్టుకునే కెరుబో మీదికి వచ్చింది.

“నిన్నెవడు నోరు తెరవమన్నాడే? ఇంట్లో నలుగురు పిల్లలు నాకు!”

“నీకోసం కూడా అడిగానే మ్వెండే!”

“నేనడగమన్నానా? నా కడుపు కొట్టడానికి నువ్వెవతివి?”

కెరుబో అకెలో వైపు చూసింది. ఆమె తోముతున్న గిన్నె మీంచి తలెత్తలేదు.

కెరుబోకి ఒళ్లంతా మండిపోయింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి పిండిలోకి విసిరికొట్టింది.

“తోముకోండి! ఆ జీతానికి చచ్చేదాకా తోముకోండి!” అంటూ విసవిసా వీధిలోకి వెళ్లిపోయింది.

వంగెచి నోటీసు మీద సంతకం పెట్టింది. మ్వెండే గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికీ, అకెలో నీళ్ల కోసం పెరట్లోకీ పోయారు.

బరాసా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అయినా కదల్లేదు.

“ఇంకా ఏంటయ్యా? నా ప్రాణం కూడా రాసుకుంటావా?” కసిరింది వంగెచి.

అతను ఒకసారి వెనక్కి చూసుకుని, ఆమెకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

“అది కాదు మేడమ్... మా ఆవిడ చపాతీలు బాగా చేస్తుంది. పాత జీతానికే వస్తుంది.”