కుక్క కాపాడిన మల్లె

మేకకి తడిక ఓ లెక్కా? చలికాలంలో ఓ పూట దాన్ని నెట్టుకుని పెరట్లోకి దూరింది. రెండు మల్లెపొదల్లో ఒకదాని ఆకులన్నీ మేసి, కొమ్మలు కొరికి, మోడు చేసేసింది. రెండోదాని మీద మూతి పెట్టబోతుంటే కుక్క మొరిగి తరిమేసింది.

"నేనుండగా నీకేం భయం!" అంది కుక్క.

"నీ మేలు మరిచిపోను, అన్నా!" అంది రెండో మల్లె.

ఎండలు ముదిరాయి. మోడు చిగుళ్లేసి, కొమ్మకొమ్మకీ మొగ్గ తొడిగింది. రెండోది ఆకులతో గుబురుగా ఉంది గానీ మొగ్గ జాడే లేదు.

"వచ్చే ఏడూ ఇంతేనా, దీన్ని పీకేసి వంగమొక్క నాటతా," అంది ఇంటావిడ పరదేశమ్మ, మొగ్గలు కోసుకుంటూ.

మళ్లీ చలికాలం వచ్చింది. తడిక సందులోంచి మేక తొంగిచూసింది. కుక్క గుర్రుమంటూ లేచింది.

"అన్నా," అంది రెండో మల్లె మెల్లగా, "నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్క పూటా కాస్త నిద్రపోవూ!"