గట్టిగా మాట్లాడొద్దు, పొంగుతున్నాయి

"పెనం కాలిందేమో చూడు," అంది అత్తగారు గుడ్లు గిలక్కొడుతూ.

కోడలు ఓవెన్ తీసి, ఇనుప గుంతల పెనంలో వెన్న ముక్క పడేసింది. చుయ్యిమంది. ఆ చప్పుడుకే ఆమె గుండె ఝల్లుమంది. మధ్యాహ్నం మందుల షాపు నుంచి వస్తూ మామగారి కారుని గేటు స్తంభానికి కొట్టిన దగ్గర్నుంచీ ఆమె పరిస్థితి అదే. లైటు పగిలింది, తలుపుకి సొట్ట పడింది. నిద్ర లేచిన మామగారు ముందు గదిలో పేపరు చదువుతున్నారు. కారు ఇంకా ఆయన కంటపడలేదు.

ఆయన కోపం సంగతి వీధంతటికీ తెలుసు. కాఫీ చల్లారిందని కప్పు గోడకేసి కొట్టిన మరక వంటింట్లో ఇంకా ఉంది. కోడలి భర్త ఊళ్ళో లేడు. ఉన్నా తండ్రి గొంతు లేస్తే పెరట్లోకి జారుకునే రకం.

"ఇప్పుడే వెళ్ళి చెప్పేయనా అత్తయ్యా?"

"ఆగు. ఓవెన్‌లో పెట్టాక చెబుదువుగాని."

ఆ ఇంట్లో పొంగుబన్నులకున్న మర్యాద మనుషులకి లేదు. వాటిలో సోడా, ఈస్టు వేయరు. జారుపిండిని గుడ్లూ ఆవిరే పొంగించాలి. కాలేదాకా తలుపు తెరవకూడదు, తెరిస్తే చతికిలబడతాయి. అన్నిటికంటే ముఖ్యం, అవి లోపలున్నంతసేపూ ఎవరూ గొంతెత్తకూడదు. అత్తమామల పెళ్ళయిన కొత్తలో మామగారు ఇల్లు దద్దరిల్లేలా అరిస్తే పెనంలోవన్నీ అట్టముక్కల్లా అణిగిపోయాయట. ఆ కథ ఆయనే చెప్పుకుంటారు, తన గొంతు బలానికి కాస్త మురిసిపోతూ. అయినా ఆయనకి పొంగుబన్నులంటే ప్రాణం.

కారుతో పాటు ఇవాళ బన్నులు కూడా పోతే తన గతేమిటనుకుంది కోడలు.

అత్తగారు గుంతల్లో పిండి పోసి తలుపు మూసింది. "ఇక మామయ్యని పిలు."

ఆయన వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోడలు గోడ మీది మరకని చూస్తూ, తడబడుతూ జరిగింది చెప్పింది. ఆయన మొహం కందగడ్డయింది. మెడ నరాలు ఉబ్బాయి. చెయ్యి బల్ల మీది గ్లాసు మీదికి పోయింది. నోరు తెరిచారు.

అత్తగారు వెనక్కి తిరక్కుండానే వేలెత్తి ఓవెన్ చూపించింది. "పొంగుతున్నాయండీ."

నోరు మూతపడింది. అద్దం వెనక బన్నులు అప్పుడే తలలెత్తుతున్నాయి. ఆయన పళ్ళ బిగువున గుసగుసగా సొట్ట ఎంత పడిందని అడిగారు. పక్కింట్లో వడ్రంగి డ్రిల్లుతో గోడ అదరగొడుతుంటే కోడలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ స్తంభం అక్కడ కట్టించిన వెధవెవడని ఆయన గుసగుసగానే తిట్టారు. కట్టించింది ఆయనే. గుసగుసగా తిడితే ఊపు రాదు కాబోలు, కాసేపటికి ఆయనే అలసిపోయారు. బన్నులు బంగారు రంగులో బయటికొచ్చాక వేడివేడిగా తుంచుకుని తిని, రేపు మెకానిక్కుని పిలవాలనుకుంటూ వెళ్ళిపోయారు.

కోడలు స్టూలు మీద కూలబడింది.

"ప్రాణం పోయినంత పనైంది అత్తయ్యా. ఆయన అరిచుంటే, అవి పడిపోయుంటే..." అంటూనే ఆగిపోయింది. పక్కింట్లో డ్రిల్లు ఇంకా మోగుతోంది. "మరి అంత మోతకి పడిపోలేదేం?"

అత్తగారు పొడిగుడ్డతో పెనం తుడుస్తూ ముందు గది వైపు ఒకసారి చూసింది. తర్వాత కోడలి చెవి దగ్గరికి వంగింది.

"ఆయన అరిచిన ఆ రోజు ఓవెన్ తలుపు తెరిచింది నేనే."