ఒకే ఒక్క బయటి నంబరు

"ఈ నంబరు ఎవరిదయ్యా?"

కొత్తగా వచ్చిన సూపరింటెండెంట్ కాగితాన్ని బల్లమీద తిప్పి పెట్టారు. నెట్‌వర్క్ ఇంజనీరు దాన్ని చూడకుండానే తల దించుకున్నాడు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ప్రతి తొట్టె పైనా ఒక కెమెరా ఉంది. ఆ దృశ్యాలు ఆసుపత్రి కంప్యూటర్లలోనే కనబడాలి. నెట్‌వర్క్‌లో వాటన్నిటివీ 192.168తో మొదలయ్యే లోపలి నంబర్లు. ఆ వరుసకు తప్ప ఇంకెవరికీ తలుపు తెరవొద్దని సర్వరుకు నియమం రాసింది అతనే. ఆ నియమం కిందే ఇప్పుడొక బయటి నంబరు, దొడ్డిదారిన దూరిన దొంగలా.

"మా ఇంటిదండి."

"కంచే చేను మేస్తే ఎలాగయ్యా! ఏ తొట్టె చూస్తున్నారు?"

"ఏడోదండి. మా ఆవిడ కోసం. ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి. మంచం దిగొద్దన్నారు. బిడ్డని చూడాలని ఒకటే ఏడుపు. తట్టుకోలేకపోయాను."

పక్కనే ఉన్న హెడ్ నర్సు ఏదో అనబోయి, కిటికీ వైపు తిరిగింది.

అంతలో అతని జేబులో ఫోను మోగింది.

"ఎత్తు. ఆవిడేనేమో" అన్నారు సూపరింటెండెంట్.

ఆవిడే. గొంతు గదంతా వినబడింది. "ఏవండీ, ఇందాక ఆవులించింది, చూశారా? బుగ్గలు కూడా వచ్చాయి. ముక్కు మాత్రం అచ్చు మీ అమ్మగారిదే!"

"ఆఁ... చూశాను" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పు తప్పేననుకో. కానీ నేనూ ముగ్గురు పిల్లల తండ్రినే. పాప ఇంటికొచ్చేదాకా ఉండనీ. ఆ రోజు నువ్వే తీసెయ్."

"వద్దు సార్, ఇప్పుడే తీసేస్తాను. నేను చేసింది మామూలు తప్పు కాదు."

"చాదస్తం! కన్నతల్లి బిడ్డని చూసుకోవడం కూడా తప్పేనా?" ఆయన కాగితాన్ని చింపి బుట్టలో పడేశారు.

అతను దండం పెట్టి బయటికొచ్చాడు. హెడ్ నర్సు వెనకే వచ్చి, వరండాలో భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకెన్నాళ్ళు, తమ్ముడూ?"

అతను గోడకు ఆనుకుని, అలాగే కింద కూలబడ్డాడు.

ఏడో తొట్టెలో ఆవులించింది ఎవరి బిడ్డో. తన పాపను అతను తన చేతులతోనే మట్టిలో పెట్టి ఆ రోజుకు తొమ్మిది రోజులైంది.