తల ఊగిన సినిమా

ఇరవై ఏళ్లు ఆడియో కంపెనీ నడిపినాయన ఏ పాటైనా కళ్లు మూసుకునే వినేవాడు. తల ఊగిందా, హిట్టే!

ఇప్పుడాయన నిర్మాత. తన మొదటి సినిమా ప్రివ్యూలోనూ అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. పక్కన దర్శకుడు తెర వైపు చూస్తేగా! రెండు గంటలూ ఆ తల వైపే చూశాడు.

తల ఊగింది.

దీపాలు వెలగగానే నిర్మాత దర్శకుణ్ణి వాటేసుకున్నాడు. "అదిరిందయ్యా! ఆ ఫొటోగ్రఫీ అయితే... కెమెరామన్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

దర్శకుడు ఫోన్ చేసి వచ్చేసరికి ప్రొజెక్టర్ ఆపరేటర్ చేతులు నలుపుకుంటున్నాడు.

"పేర్లవగానే బొమ్మ ఆగిపోయింది సార్. సౌండొక్కటే నడిచింది. మీరు తలూపుతుంటే ఆపబుద్ధి కాలేదు."

నిర్మాత గొంతు సవరించుకుని దర్శకుడి వైపు తిరిగాడు. "కెమెరామన్‌కి చెప్పలేదు కదా?"

"చెప్పేశాను సార్. ఏడ్చేశాడు. తన పనిని ఇంత శ్రద్ధగా చూసిన నిర్మాత మీరొక్కరేనట!"